నాలుగో తరగతి పాప సైన్స్ ఫెయిర్ ప్రాజెక్ట్: ఐడియా కాదు, ముందు ప్రశ్న కావాలి

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: పాప నాలుగో తరగతి, సైన్స్ ఫెయిర్‌కి నాలుగు వారాలు ఉంది, మొక్కలంటే ఇష్టం, నెట్‌లో బోలెడు ఐడియాలు చూసినా ఏదీ తేలడం లేదు, చివరికి అంతా మీరే చేయాల్సి వస్తుందేమోనని టెన్షన్. ఎక్కడ మొదలుపెట్టాలి, మీరు ఎంతవరకు సాయం చేయొచ్చు?

చాలా ఏళ్లుగా ప్రైమరీ పిల్లలకి సైన్స్ చెబుతున్నాను, ఫెయిర్లలో జడ్జిగా కూడా కూర్చుంటున్నాను. సూటిగా చెప్పాలంటే, ఐడియాల కోసం వెతకడం ఇవాళే ఆపేయండి. పాప నోటి నుంచి వచ్చిన ఒక ప్రశ్న తీసుకోండి. స్కేలుతోనో, గడియారంతోనో, కొలత గ్లాసుతోనో పాపే కొలవగలిగేంత చిన్నదిగా దాన్ని చేయండి. ఆ ప్రశ్న ఒక్క వాక్యంలో కాగితం మీదికి వచ్చిందంటే ప్లానింగ్ సగం అయిపోయినట్టే. ఏం కావాలి, ఎన్ని రోజులు పడుతుంది, చార్టు మీద ఏం రాయాలి అన్నవన్నీ ఆ వాక్యంలోంచే వస్తాయి. అంతా తల్లిదండ్రుల నెత్తిన పడేది సాధారణంగా ప్రశ్న లేకుండా ప్రాజెక్ట్ మొదలుపెట్టినప్పుడే. ప్రశ్న తనది కానప్పుడు పాపకి చేయడానికి ఏమీ మిగలదు, రంగులు వేయడం తప్ప.

అయితే అంతకంటే ముందు ఒక చిన్న పని ఉంది. స్కూలు వాళ్లు ఇచ్చిన కాగితం ఒకసారి పూర్తిగా చదవండి. వాళ్లు అడుగుతున్నది మోడలా, ప్రయోగమా? కొన్ని చోట్ల రెండూ ఒప్పుకుంటారు, కొన్ని చోట్ల ప్రయోగమే ఉండాలంటారు. చార్టు సైజు, బల్ల మీద నీళ్లు, మట్టి, కరెంటు వాడొచ్చా లేదా, మొక్కలు తేవచ్చా లేదా, ఇవన్నీ అందులోనే ఉంటాయి. కాగితంలో లేకపోతే టీచర్‌ని అడగండి. ఫెయిర్ ముందు రోజు తెలిస్తే పాపకే బాధ.

మోడల్‌కీ ప్రయోగానికీ తేడా ఎలా పట్టుకోవాలో చెప్తాను. మొదలుపెట్టేటప్పటికే జవాబు తెలిసి ఉంటే అది మోడల్ లేదా ప్రదర్శన. సౌరకుటుంబం బొమ్మ, గుండె బొమ్మ, వంటసోడాలో వెనిగర్ పోస్తే పొంగే అగ్నిపర్వతం ఇలాంటివి. వాటిలో తప్పేమీ లేదు, చిన్నపిల్లలకి చాలా సరదా కూడా. కానీ ప్రయోగం అనాలంటే ఇంకా తెలియనిదేదో ఒకటి ఉండాలి. అదే అగ్నిపర్వతాన్ని ప్రయోగంగా మార్చడం ఎంత తేలికో చూడండి. సీసాలో ప్రతిసారీ ఒకే కొలత వెనిగర్ పోసి, బెలూన్‌లో ఒకసారి ఒక చెంచా, ఇంకోసారి రెండు, మరోసారి మూడు చెంచాల సోడా వేసి, బెలూన్‌ని సీసా మూతికి తొడిగి సోడాని లోపలికి జారవిడవాలి. బయటికి వచ్చే కార్బన్ డయాక్సైడ్‌తో బెలూన్ ఉబ్బుతుంది. దారం చుట్టి దాని చుట్టుకొలత చూడాలి. సోడా పెంచేకొద్దీ బెలూన్ పెద్దదవుతుందా? కొంతవరకు అవుతుంది, తర్వాత ఆగిపోతుంది, ఎందుకంటే వెనిగర్ అయిపోతుంది. ఆగిపోయిన ఆ చోటు పాప కళ్లకి కనపడాలి. సైన్స్ అక్కడ ఉంది, నురగలో కాదు. (సీసాకి మూత మాత్రం ఎప్పుడూ బిగించకండి. గ్యాస్ ఒత్తిడికి పగిలిపోవచ్చు.)

ఇక ప్రశ్న ఎలా రాబట్టాలి? పాపని కూర్చోబెట్టి "నీ ప్రశ్న ఏంటి?" అని అడిగితే రాదు. ఏ పిల్లలకీ రాదు. ఒక చిన్న నోట్‌బుక్ ఇచ్చి రెండు మూడు రోజులు వదిలేయండి. "అదేంటి అలా ఉంది?" అనిపించిన ప్రతిదీ అందులో రాయమనండి. చదువుతున్నప్పుడు, స్నానం చేస్తున్నప్పుడు, ఆడుకుంటున్నప్పుడు పిల్లలు అడిగే ప్రశ్నలు మీరూ గుర్తుపెట్టుకుని వాళ్ల మాటల్లోనే రాయండి. మీ వాక్యంగా మార్చకండి.

ఆ ప్రశ్నల్లో చాలావరకు "ఎందుకు" అని మొదలవుతాయి. "ఎందుకు" ప్రశ్నలు గొప్పవే, కానీ వాటి జవాబు పుస్తకంలో దొరుకుతుంది, ఇంట్లో కొలవడం కుదరదు. మీరు చేయాల్సిన అసలు సాయం ఇక్కడే ఉంది: "ఎందుకు"ని "ఏది", "ఎంత", "ఇలా చేస్తే ఏమవుతుంది" వైపు తిప్పడం. "ఆకులు పచ్చగా ఎందుకుంటాయి?" అని అడిగితే, "వెలుతురు తగలకపోతే కూడా పచ్చగానే వస్తాయా?" అని మీరు తిరిగి అడగండి. "తడి బట్ట ఎందుకు ఆరుతుంది?" అంటే, "పరిచిన బట్ట ముందు ఆరుతుందా, మడతపెట్టిన బట్టా?" అని అడగండి. "కాగితం విమానం ఎందుకు పడిపోతుంది?" అన్నది "ముక్కు దగ్గర క్లిప్పు పెడితే దూరం వెళ్తుందా, పెట్టకపోతేనా?" అవుతుంది. జవాబు చెప్పకండి. మీకు తెలిసినా చెప్పకండి. పాప ఏమనుకుంటుందో అడిగి, ఆ ఊహనీ, అలా ఎందుకు అనుకుంటుందో కారణాన్నీ తేదీ వేసి రాయించండి.

ప్రశ్న పనికొస్తుందా లేదా అని చూడ్డానికి నేను మూడు విషయాలు అడుగుతాను. దేన్ని మారుస్తున్నాం? దేన్ని కొలుస్తున్నాం? మిగతావన్నీ ఒకేలా ఉంచగలమా? మూడింటికీ పాపే జవాబు చెప్పగలిగితే ముందుకెళ్లొచ్చు. ఒక్కదానికి చెప్పలేకపోయినా ప్రశ్న ఇంకా పెద్దదిగా ఉందని అర్థం.

ఉదాహరణకి, "సంగీతం వింటే మొక్కలు బాగా పెరుగుతాయా?" అన్నది ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు తెస్తారు. వినడానికి బాగుంటుంది. కానీ నేను పిల్లల్ని అటు వెళ్లనివ్వను. సంగీతం వినే మొక్క ఒక గదిలో, విననిది ఇంకో గదిలో ఉంటే, వెలుతురు వేరు, వేడి వేరు, గాలి వేరు. చివరికి ఒకటి రెండు సెంటీమీటర్లు ఎక్కువ పెరిగితే అది పాట వల్లో, కిటికీ వల్లో ఎవరు చెప్పగలరు? "బాగా పెరగడం" అంటే ఏంటో కూడా తేలలేదు. పొడవా, ఆకుల సంఖ్యా, కాండం లావా? ఏం కొలుస్తారో తేలని ప్రశ్నతో మొదలుపెడితే మూడో వారానికి చేతిలో అంకెలు ఉంటాయి, చెప్పడానికి మాత్రం ఏమీ ఉండదు.

చిన్న ప్రశ్న అంటే చిన్న విషయం అనుకోకండి. అమెరికాలో ఎమిలీ రోసా అనే అమ్మాయి, తొమ్మిదేళ్ల వయసులో, నాలుగో తరగతి సైన్స్ ఫెయిర్ కోసం ఒక ప్రశ్న తీసుకుంది. ఒంటి మీద చేయి పెట్టకుండానే, మనిషి చుట్టూ ఉండే శక్తిని అరచేతులతో గుర్తుపట్టి వైద్యం చేస్తామనే వాళ్లు అక్కడ ఉండేవారు. ఆ శక్తి నిజంగా వాళ్లకి తెలుస్తుందా అన్నదే ఆమె ప్రశ్న. మధ్యలో ఒక అడ్డు అట్ట పెట్టి, దాని రంధ్రాల్లోంచి వాళ్ల రెండు చేతులూ ఇవతలికి పెట్టమంది. నాణెం ఎగరేసి, ఏ చేయి వస్తే దాని పైన తన చేయి ఉంచి, "ఏ చేతి దగ్గర ఉన్నానో చెప్పండి" అని అడిగింది. 21 మందితో 280 సార్లు చేస్తే వాళ్లు సరిగ్గా చెప్పింది 123 సార్లు, అంటే 44 శాతం. గుడ్డిగా ఊహించినా సగం సార్లు సరిపోవాలి కదా. పెద్దల సాయంతో రాసిన ఆ వ్యాసం 1998లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ జర్నల్‌లో వచ్చింది. అట్ట, నాణెం, కాగితం, పెన్సిల్, వాడిన సామాన్లు ఇంతే. మారేది ఒకటే, ఏ చేయి అన్నది. కొలిచేది ఒకటే, జవాబు ఒప్పా తప్పా అన్నది. పిల్లలకి ఇది కథగా చెప్పండి, "ఒక్కటే మార్చాలి" అనే మాట మళ్లీ మళ్లీ చెప్పాల్సిన పని ఉండదు.

మీ పాపకి మొక్కలిష్టం అన్నారు కాబట్టి దాని మీద కాస్త వివరంగా చెప్తాను.

మొక్కలతో మంచి విషయం, ప్రతిరోజూ ఏదో ఒకటి మారుతూ ఉంటుంది, పిల్లలకి విసుగు రాదు. కష్టం ఏంటంటే వాటిని తొందరపెట్టలేం. పూల మొక్క, పెద్ద కుండీ మొక్క వద్దు. బఠాణీ, చిక్కుడు, పెసలు లాంటి త్వరగా మొలకెత్తే గింజలు తీసుకోండి. నానబెడితే కొద్ది రోజుల్లోనే మొలక కనపడుతుంది, రెండు వారాల్లో కొలవడానికి సరిపడా కాండం వస్తుంది. ఆ వయసు పిల్లలకి నేను తరచూ చెప్పేది వెలుతురు, చీకటి ప్రయోగం. ఒకే రకం గింజలు, ఒకే రకం డబ్బాలు, ఒకే మట్టి, రోజూ ఒకే సమయానికి కొలిచి పోసిన నీళ్లు. ఒక డబ్బా కిటికీ దగ్గర, ఇంకోటి దాని పక్కనే, కానీ అట్టపెట్టె బోర్లించి. పక్కనే అని ఎందుకంటున్నానంటే, చీకటి డబ్బాని అలమారలో దాచేస్తే అక్కడ వేడి వేరుగా ఉంటుంది, అప్పుడు మారినవి రెండయ్యాయి.

దాదాపు ప్రతి పిల్లా ముందే చెప్పేది "చీకట్లో ఉన్నవి చిన్నగా ఉంటాయి" అని. పది రోజులకి చూస్తే చీకట్లో ఉన్నవే పొడవుగా ఉంటాయి! మొదటిసారి చూసినప్పుడు పిల్లల ముఖాలు చూడాలి. మా తరగతిలో ఒక బాబు డబ్బాలు తారుమారయ్యాయని పట్టుబట్టి, అట్టపెట్టె మీద తన పేరు రాసి మళ్లీ మొదటి నుంచి చేశాడు. మళ్లీ అదే వచ్చింది. అప్పుడు స్కేలు పక్కన పెట్టి మొక్కల్ని చూడమన్నాను. పసుపుగా, పాలిపోయి, సన్నగా, నిలబడలేక వాలిపోయి ఉన్నాయి, ఆకులు విచ్చుకోనే లేదు. గింజలో దాచుకున్న ఆహారాన్నంతా వెలుతురు వెతకడానికే, అంటే కాండం సాగడానికే మొక్క ఖర్చుపెట్టేస్తుంది. వెలుతురు తగలందే ఆకుపచ్చ రంగునిచ్చే పత్రహరితం తయారవదు. ఆ బాబు ఆ రోజు నుంచి తన పట్టికలో "పొడవు" పక్కన "రంగు", "ఆకులు ఎన్ని", "నిలబడిందా వాలిందా" అనే గడులు కలుపుకున్నాడు. ఆ గడులు కలపమని ఎవరూ చెప్పలేదు. జడ్జిగా నేను వెతికేది అదే.

ఇందులో రెండు జాగ్రత్తలు. ఒక్కో డబ్బాలో ఒక్క గింజ వేస్తే సరిపోదు. కొన్ని గింజలు ఎంత బాగా చూసుకున్నా మొలకెత్తవు. ఆ మొలవని ఒక్క గింజే మీ డబ్బాలో పడితే ప్రాజెక్టే లేకుండా పోతుంది. ఒక్కో వైపు కనీసం పది గింజలు వేయండి. రెండోది, చీకటి డబ్బాని కొలవడానికి రోజుకి ఒక్కసారే, త్వరగా తెరవాలి. "చూద్దాం, చూద్దాం" అని పది సార్లు తెరిస్తే అది చీకటి కాదు.

పది గింజల మాట వచ్చింది కాబట్టి, మళ్లీ మళ్లీ చేయడం గురించి చెప్పాలి. పిల్లల ప్రాజెక్టుల్లో నాకు ఎక్కువగా కనపడే లోపం ఇదే. విమానం ఒక్కసారి ఎగరేసి "క్లిప్పు ఉన్నదే గెలిచింది" అంటారు. అదే విమానాన్ని అదే చేత్తో మళ్లీ ఎగరేస్తే ఇంకో చోట పడుతుంది. ఒక్కోటి కనీసం మూడు సార్లు, వీలైతే ఐదు సార్లు చేయించండి. సగటు ఇంకా నేర్చుకోని పిల్లలకి ఒక తేలిక మార్గం ఉంది: వచ్చిన రీడింగుల్ని చిన్నదాని నుంచి పెద్దదాని వరకు వరసగా రాసి, సరిగ్గా మధ్యలో ఉన్నది తీసుకోమనండి. రెండో తరగతి పిల్లలు కూడా చేసేస్తారు, అర్థం కూడా అవుతుంది.

దీన్ని పాపకి ఒక్క సాయంత్రంలో చూపించాలంటే స్కేలు ఆట ఆడండి. మీరు 30 సెంటీమీటర్ల స్కేలుని పై కొస దగ్గర పట్టుకుని నిలువుగా వేలాడదీయండి, పాప కింద సున్నా దగ్గర వేళ్లు తాకకుండా సిద్ధంగా ఉంచాలి. చెప్పకుండా వదలండి. ఎక్కడ పట్టుకుందో చూడండి. 15 సెంటీమీటర్ల దగ్గర పట్టుకుంటే స్పందించడానికి పట్టిన సమయం సుమారు 0.17 సెకన్లు, 20 దగ్గరైతే సుమారు 0.2 సెకన్లు. వరసగా పదిసార్లు చేస్తే పది అంకెలూ వేర్వేరుగా వస్తాయి. అప్పుడు "మరి వీటిలో నీ అసలు అంకె ఏది?" అని అడగండి. ఒకే కొలతని ఎందుకు నమ్మకూడదో పాపకి అక్కడే తెలిసిపోతుంది. కొంతమంది పిల్లలు దీన్నే ప్రాజెక్టుగా తీసుకుంటారు: కుడి చేయి వేగమా, ఎడమ చేయా? పొద్దున వేగమా, రాత్రా? చాలా మంచి ప్రాజెక్ట్ అది. సామాను స్కేలు ఒక్కటే.

ఇప్పుడు నాలుగు వారాల సంగతి. నేనైతే ఫెయిర్ రోజు నుంచి వెనక్కి లెక్కపెడతాను. చివరి వారం మొత్తం చార్టుకీ, చెప్పడం ప్రాక్టీసుకీ పోతుంది, అందులో ప్రయోగం ఉండకూడదు. అంటే చేయడానికి ఉన్నది మధ్యలో రెండు వారాలే. మొదటి వారంలో ప్రశ్న తేలాలి, సామాను రావాలి, ఒక ట్రయల్ కూడా అయిపోవాలి. ఈ ట్రయల్‌ని ఎవరూ ప్లానులో పెట్టరు, కానీ అన్నిటికంటే విలువైనది అదే. గ్లాసు చిన్నదైందనో, దారం జారిపోతోందనో, స్టాప్‌వాచ్ నొక్కడానికి ఇంకో మనిషి కావాలనో అప్పుడే బయటపడుతుంది. ట్రయల్ రీడింగులు అసలు పట్టికలో కలపకండి, కానీ నోట్‌బుక్‌లో ఉంచండి.

గింజల ప్రాజెక్ట్ అనుకుంటే మాత్రం ఈ క్యాలెండర్ మారుతుంది. ఈ వారంలోనే గింజలు పడాలి, అదీ రెండు జతలు, నాలుగు రోజుల తేడాతో. మొదటి జతకి బూజు పట్టినా, ఎవరైనా పొరపాటున ఎక్కువ నీళ్లు పోసినా రెండోది ఉంటుంది. రెండూ బాగా వస్తే ఇంకా మంచిది, మళ్లీ చేసి చూసినట్టే కదా.

ఆలస్యమైపోయి వారం పది రోజులే మిగిలితే మొక్కల జోలికి వెళ్లకండి. అప్పుడు నేను చెప్పేది లోలకం. దారానికి ఒక నట్టో బరువో కట్టి ఊపడమే. "బరువు పెంచితే త్వరగా ఊగుతుందా? దారం పొడవు పెంచితే?" రెండు ప్రశ్నలూ విడివిడిగా చేయాలి. పది ఊపులకి పట్టే సమయం కొలిచి పదితో భాగించాలి, ఎందుకంటే ఒక్క ఊపుని కొలిస్తే స్టాప్‌వాచ్ నొక్కడంలో జరిగే ఆలస్యమే కొలతని మింగేస్తుంది. వేలాడదీసిన చోటు నుంచి బరువు మధ్య వరకు 25 సెంటీమీటర్లు ఉంటే, ఒకసారి అటు వెళ్లి ఇటు రావడానికి సుమారు ఒక సెకను, మీటరు ఉంటే సుమారు రెండు సెకన్లు పడుతుంది. పొడవు నాలుగింతలైతే సమయం రెండింతలే. బరువు మారిస్తే దాదాపు ఏ తేడా రాదు. పెద్దవాళ్లలో కూడా చాలామంది తేడా వస్తుందనే అనుకుంటారు, కాబట్టి ఫెయిర్‌లో చూడ్డానికి వచ్చిన వాళ్లతో ముందు ఊహ చెప్పించి, తర్వాత ఊపి చూపించడానికి పాపకి మంచి అవకాశం. చిన్న ఊపులే ఊపాలి, మరీ పక్కకి లాగి వదలకూడదు.

ఊహించింది రాకపోతే? ఇది చాలా ఇళ్లలో పెద్ద టెన్షన్. "మా అబ్బాయి ప్రాజెక్ట్ ఫెయిలైంది, తప్పు జవాబు వచ్చింది" అంటారు. నేను దీని గురించి గట్టిగా చెప్తాను: ఊహ తప్పవడం ఫెయిల్ కావడం కాదు. ఊహని తర్వాత మార్చి రాయడం మాత్రం నిజంగా తప్పు. మొదట ఏమనుకున్నారో అదే చార్టు మీద ఉండాలి.

ఒక అమ్మాయి మంచుముక్కలతో చేసింది. రెండు ఒకేలాంటి గ్లాసులు, ఒకే వేడిమిలో ఉన్న నీళ్లు, ఒకదాంట్లో ఉప్పు కలిపింది. మంచు పడే దేశాల్లో రోడ్ల మీద ఉప్పు చల్లుతారని చదివింది కాబట్టి, ఉప్పునీళ్లలో మంచు ముందు కరుగుతుందని రాసుకుంది. మామూలు నీళ్లలోనే ముందు కరిగింది. మూడుసార్లు చేసినా అదే. ఇంట్లోవాళ్లు కంగారుపడి ప్రాజెక్ట్ మార్చేద్దామన్నారు. నేను ఆపి, రంగునీళ్లతో గడ్డకట్టించిన మంచుముక్కలతో ఇంకోసారి చేయమన్నాను. మామూలు గ్లాసులో రంగు చారలు చారలుగా కిందికి దిగింది. ఉప్పునీళ్ల గ్లాసులో పైనే పొరలా ఆగిపోయింది. కరిగిన చల్లటి నీళ్లు మామూలు నీళ్లలో బరువుగా కిందికి జారి, వాటి చోటులోకి వెచ్చటి నీళ్లు వస్తాయి. ఉప్పునీళ్లు ఇంకా సాంద్రంగా ఉంటాయి కాబట్టి, కరిగిన మంచినీళ్లు వాటి మీద తేలుతూ మంచు చుట్టూ చల్లటి పొరగా ఉండిపోతాయి. రోడ్డు మీద జరిగేది వేరు, అక్కడ ఉప్పు మంచు గడ్డకట్టే ఉష్ణోగ్రతనే తగ్గిస్తుంది. ఆ అమ్మాయి ఫెయిర్‌లో "నేను అనుకున్నది తప్పు, ఎందుకో చూపిస్తాను" అని మొదలుపెట్టింది. చుట్టూ మూగిన పిల్లలు కదల్లేదు.

మీరు ఎంత చేయొచ్చు అని అడిగారు. ఒకటి, రెండు తరగతుల పిల్లలైతే పట్టిక గీతలు మీరు గీయొచ్చు, వాళ్లు చెప్పింది మీరు రాయొచ్చు. మూడో తరగతి దాటాక కొలవడం, రాయడం, చార్టు అంటించడం వాళ్లవే. గీత వంకరైనా, అక్షరం తప్పైనా వదిలేయండి. అంకె తప్పు చదివితే మాత్రం "ఇంకోసారి చూడు" అనండి, సరైన అంకె మీరు చెప్పకండి. మీ చేతుల్లో ఉండేవి మూడు: సామాను తెచ్చిపెట్టడం, రోజూ ఆ సమయానికి గుర్తుచేయడం, ప్రమాదం లేకుండా చూడడం.

ఇంగ్లండ్‌లోని బ్లాకాటన్ అనే ఊళ్లో ఎనిమిది నుంచి పదేళ్ల వయసున్న 25 మంది స్కూలు పిల్లలు, బంబుల్ తేనెటీగలు రంగుల అమరికని బట్టి చక్కెరనీళ్లున్న పూలని గుర్తుపడతాయా అని ప్రయోగం చేశారు. అది 2010లో రాయల్ సొసైటీ వారి బయాలజీ లెటర్స్ పత్రికలో, పిల్లల మాటల్లోనే, వాళ్లు రంగు పెన్సిళ్లతో వేసిన బొమ్మలతోనే అచ్చయింది. శాస్త్రవేత్తలు పక్కన ఉన్నారు, కానీ పిల్లల భాషని సరిదిద్ది పెద్దల భాష చేయలేదు. పాప చార్టు మీద పాఠ్యపుస్తకం వాక్యాలు ఎక్కించాలనిపించినప్పుడు ఇది గుర్తుతెచ్చుకోండి.

ప్రమాదాల సంగతి త్వరగా చెప్పేస్తాను. గోడ సాకెట్ కరెంటుతో ఏదీ వద్దు, చిన్న టార్చి బ్యాటరీలు చాలు. వేడినీళ్లు, కత్తి, మంట ఉంటే ఆ ఒక్క పనీ పెద్దవాళ్లే చేయాలి, చార్టు మీద అలా చేశామని రాయాలి కూడా. బూజు పెంచే ప్రాజెక్టులు పిల్లలకి చాలా ఇష్టం, కానీ సూక్ష్మజీవుల్ని ఇంట్లో పెంచడాన్ని చాలా ఫెయిర్లు ఒప్పుకోవు. ఒప్పుకున్నా, పారదర్శకమైన సంచీలో పూర్తిగా మూసేసి, ఒక్కసారి కూడా తెరవకుండా బయటినుంచే చూడాలి, అయ్యాక మూసినట్టే పారేయాలి. ఇంట్లో శుభ్రం చేసే ద్రావణాలు ఒకదాంతో ఒకటి కలపడం అసలొద్దు, కొన్నిటి కలయికతో విషవాయువులు వస్తాయి. జంతువుల మీద, పురుగుల మీద బాధపెట్టే ప్రయోగం ఏదీ వద్దు.

చార్టు కోసం ప్రింట్ షాపుకి పరిగెత్తాల్సిన పని లేదు. నా ప్రశ్న, నేను అనుకున్నది, నేను చేసింది, వచ్చింది, నాకు అర్థమైంది, ఈ ఐదు ముక్కలు పెద్ద అక్షరాల్లో ఉంటే చాలు. అన్నిటికంటే పెద్దగా ప్రశ్న ఉండాలి, మధ్యలో ఒక కడ్డీ పటం (బార్ గ్రాఫ్). కడ్డీలు రంగు కాగితం కోసి అంటిస్తే నాలుగో తరగతి పిల్లలకి గ్రాఫు భయం ఉండదు. కడ్డీ సున్నా నుంచే మొదలవ్వాలి, లేకపోతే చిన్న తేడా కూడా పెద్దగా కనపడుతుంది.

జడ్జీలు ఏం అడుగుతారో పాపకి ముందే చెప్పండి. నేనైతే వరసగా అడిగేవి ఇవి: ఈ ప్రశ్న నీకెలా వచ్చింది? ఏది మార్చావు, ఏది మార్చలేదు? ఎన్నిసార్లు చేశావు? ఆశ్చర్యం అనిపించింది ఏంటి? మళ్లీ చేస్తే ఏం మారుస్తావు? చివరి ప్రశ్నకి "ఏమీ మార్చను" అనే పిల్లలకి ఎవరో నేర్పించి పంపారని అర్థమైపోతుంది. "కిటికీ దగ్గర డబ్బా మధ్యాహ్నం ఎక్కువ వేడెక్కింది, ఈసారి నీడలో పెడతాను" అన్న జవాబు విన్నప్పుడు ఆ బిడ్డ ఆ పని తన చేతులతో చేసిందని తెలుస్తుంది. తెలియని ప్రశ్న వస్తే "నాకు తెలియదు, కానీ ఇలా చేసి చూడొచ్చు" అనడం నేర్పండి. స్క్రిప్టు రాసిచ్చి బట్టీ పట్టించకండి, మధ్యలో ఒక మాట మర్చిపోతే పాప మొత్తం ఆగిపోతుంది. దాని బదులు రోజుకొకరికి చెప్పించండి: తాతయ్యకి ఒకరోజు, పక్కింటి పిల్లలకి ఒకరోజు. వాళ్లు వేసే తిక్క ప్రశ్నలే మంచి ప్రాక్టీసు.

ఫెయిర్ రోజు ఆ నోట్‌బుక్‌ని అలాగే బల్ల మీద పెట్టమనండి, మట్టి మరకలతో, కొట్టేసిన అంకెలతో సహా. శుభ్రంగా తిరగరాయించకండి. చార్టు చూశాక నేను ముందుగా చేయి చాచేది దానికోసమే.